ఇన్వర్టర్ బ్యాటరీ ఎక్కువ కాలం రావాలంటే ఛార్జింగ్ ఎలా ఉండాలి? తిరుపతి, చిత్తూరు వినియోగదారులు తరచుగా అడిగే ప్రశ్నలు

కరకంబాడిలో బ్యాటరీలు తయారవుతాయి. అక్కడికి కూతవేటు దూరంలో ఉన్న ఇళ్లలోనే బ్యాటరీలు రెండేళ్లకు మూలపడుతుంటాయి. తిరుపతిలో ఇన్వర్టర్ల సర్వీసు పని చేస్తూ చాలా ఏళ్లుగా చూస్తున్న విడ్డూరం ఇది. మెట్ల కింద బ్యాటరీ మూత తీసి చూస్తుండగా ఇంటివాళ్లు అడిగిన ప్రశ్నలే ఇక్కడ రాశాను. వేరుగా చెప్పనంత వరకు నేను మాట్లాడేది నీళ్లు పోసే 12 వోల్టుల ట్యూబులర్ బ్యాటరీ (లోపలి ప్లస్ ప్లేట్లు గొట్టాల్లా ఉండే రకం) గురించే.

ఐదేళ్లు వస్తుందన్నారు, రెండున్నరేళ్లకే పోయింది. కరెంటు కోతల వల్లేనా?

కోతలను తిట్టుకోవడం అలవాటైపోయింది కానీ, నేను విప్పి చూసిన బ్యాటరీల్లో ఎక్కువ భాగం కోతల వల్ల పోయినవి కావు. కోత తర్వాత కడుపునిండా ఛార్జింగ్ అందక పోయినవి కొన్ని, ఎండలో అవసరానికి మించి ఛార్జింగ్ తిని పోయినవి కొన్ని, నీళ్లు ఎండిపోయినవి మిగతావి.

బ్యాటరీ వాడుతున్నప్పుడు లోపలి ప్లస్, మైనస్ ప్లేట్లు రెండింటి మీదా లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది, యాసిడ్ పలచబడుతుంది. ఛార్జింగ్ పెడితే ఆ సల్ఫేట్ తిరిగి కరిగి ప్లేట్లు మొదటి స్థితికి వస్తాయి. 1859లో ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీన్ని కనిపెట్టినప్పటి నుంచి ఈ రసాయనం మారలేదు. చిక్కల్లా ఆలస్యంతోనే. కొత్తగా ఏర్పడిన సల్ఫేట్ మెత్తగా ఉంటుంది, సులువుగా కరుగుతుంది. రోజుల తరబడి వదిలేస్తే, చక్కెర పాకం పటికబెల్లం పలుకులు కట్టినట్లు గట్టిపడుతుంది. ఆ తర్వాత ఎంత ఛార్జింగ్ పెట్టినా కరగదు. గట్టిపడిన మేరకు ప్లేటు పనికిరానిదైనట్లే. మేము సల్ఫేషన్ అనేది దీన్నే.

మంచి ఛార్జింగ్ అంటే ఎలా జరగాలి?

అన్నం వండినట్లు జరగాలి. మొదట పెద్ద మంట, ఉడుకు పట్టాక సన్న మంట, చివరన మూతపెట్టి ఉమ్మగిల్లనివ్వడం.

పెద్ద మంట దశలో బ్యాటరీకి స్థిరమైన కరెంటు వెళుతుంది. బ్యాటరీ మీద రాసే ఏహెచ్ సంఖ్యలో, అంటే అది ఎంత ఛార్జి పట్టగలదో చెప్పే ఆంపియర్-గంటల అంకెలో, పదోవంతు మంచి కొలత. 150 ఏహెచ్ బ్యాటరీకి 15 ఆంపియర్లు. వోల్టేజి మెల్లగా ఎక్కి 14.4 దగ్గరకు, అంటే బ్యాటరీలోని ఆరు గదుల్లో (సెల్లుల్లో) ఒక్కోదానికి 2.4 వోల్టులకు చేరుతుంది. అక్కడ రెండో దశ మొదలవుతుంది. వోల్టేజిని అక్కడే నిలబెట్టి ఉంచితే బ్యాటరీ తీసుకునే కరెంటు దానంతట అదే తగ్గుతూ పోతుంది. అది రెండు మూడు ఆంపియర్లకు పడిపోయాక వోల్టేజిని 13.5 నుంచి 13.8 మధ్యకు దించి, లోలోపల కారిపోయే కొద్దిపాటి ఛార్జిని భర్తీ చేస్తూ ఉండాలి. ఇదే ఫ్లోట్.

పాతకాలపు చవక ఇన్వర్టర్లలో ఈ మూడు దశలు ఉండవు. ఒకే వోల్టేజి దగ్గర ఆపుతాయి. ఆ వోల్టేజి తక్కువైతే అన్నం పలుకు, ఎక్కువైతే మాడు. బ్యాటరీకి ఇరవై వేలు పెట్టడానికి వెనకాడని వాళ్లు ఇన్వర్టర్ దగ్గర రెండు వేలు మిగుల్చుకోవాలని చూస్తారు. నన్నడిగితే ఆ బేరం తలకిందులుగా ఆడాలి.

ఇన్వర్టర్ మీద ఫుల్ అని పచ్చ లైటు వెలిగింది. మీరేమో నిండలేదంటున్నారు?

చాలా ఇన్వర్టర్లలో ఆ లైటు వోల్టేజిని చూసి వెలుగుతుంది. ఛార్జింగ్ జరుగుతుండగా కనిపించే వోల్టేజి, పొయ్యి మీద పొంగిన పాలలాంటిది. గిన్నె నిండినట్లే ఉంటుంది, మంట తీస్తే దిగిపోతుంది.

లెక్క చూడండి. 150 ఏహెచ్ బ్యాటరీ సగం వాడారు. అది సగం నుంచి ఎనభై శాతానికి రావడానికి 15 ఆంపియర్లతో సుమారు మూడు గంటలు చాలు. మిగిలిన ఇరవై శాతానికి మరో ఐదు నుంచి ఏడు గంటలు పడుతుంది, ఎందుకంటే ఆ దశలో బ్యాటరీ కరెంటును వేగంగా తీసుకోలేదు, బలవంతంగా ఎక్కిస్తే అది నీళ్లను మరిగించినట్లు బుడగలుగా పోతుంది. పైగా వాడిన దానికంటే పది పదిహేను శాతం ఎక్కువ ఎక్కించాలి. ఆ చివరి ఇరవై శాతమే బ్యాటరీ ఆయుష్షు. వారానికి ఒక్కసారైనా అది నిండకపోతే సల్ఫేషన్ మొదలైనట్లే.

నిజంగా నిండిందో లేదో చెప్పేది హైడ్రోమీటర్, అంటే యాసిడ్ చిక్కదనాన్ని కొలిచే సాధనం. అది చూపే అంకెనే గ్రావిటీ అంటాం. ట్యూబులర్ బ్యాటరీ నిండితే గ్రావిటీ 1.240 దగ్గర ఉంటుంది. మీ బ్యాటరీ కాగితం మీద వేరే అంకె ఉంటే దాన్నే నమ్మండి. గంట తేడాతో రెండుసార్లు చూసినా అంకె కదలకపోతే నిండినట్లు. 1.180 చుట్టుపక్కల ఉంటే సగానికి దిగినట్లు లెక్క. 27 డిగ్రీల కంటే యాసిడ్ వేడిగా ఉంటే ప్రతి డిగ్రీకి 0.0007 కలుపుకోవాలి. మే నెలలో మన దగ్గర యాసిడ్ 37 డిగ్రీలు ఉండటం మామూలే కాబట్టి, 1.233 కనిపించినా కంగారు పడనక్కర్లేదు, అది 1.240 కిందే లెక్క.

హైడ్రోమీటర్ లేకపోతే మల్టీమీటర్ చాలు. ఛార్జింగ్ ఆపి, లోడు తీసేసి, నాలుగైదు గంటలు వదిలి కొలవండి. 12.5 దగ్గర ఉంటే నిండుగా ఉంది. 12.1 అంటే సగమే.

ఇన్వర్టర్ వెనక చిన్న స్విచ్చులున్నాయి. వాటిని ఎలా పెట్టాలి?

బిగించిన రోజు ఎలా ఉందో అలాగే పదేళ్లు ఉండిపోయే స్విచ్చు అది. ట్యూబులర్, ఫ్లాట్ (బల్లపరుపు ప్లేట్లది), ఎస్‌ఎంఎఫ్ (నీళ్లు పోసే పనిలేని మూసిన బ్యాటరీ) అని రకం ఎంచుకునేది ఒకటి. ఒక్కో రకానికి ఆపే వోల్టేజి వేరు, అందుకే బ్యాటరీ రకం మారినప్పుడల్లా దాన్ని మార్చాలి. రెండోది ఛార్జింగ్ కరెంటు తక్కువ, ఎక్కువ అని ఉంటుంది. 100 ఏహెచ్ చిన్న బ్యాటరీకి ఎక్కువలో పెట్టకండి. 200 ఏహెచ్ దానికి తక్కువలో పెట్టి, నిండట్లేదని బ్యాటరీని అనకండి.

ఎండాకాలంలో ఛార్జింగ్ మార్చాలా?

మన ఊళ్లో బ్యాటరీని చంపే మొదటి శత్రువు ఎండే కాబట్టి, ఈ ఒక్క జవాబు నిదానంగా చదవండి.

బ్యాటరీకి సంబంధించిన అంకెలన్నీ దాదాపు 25 డిగ్రీలను మనసులో పెట్టుకుని రాసినవి. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో నలభై దాటుతుంది. రేకుల గదిలో, మిద్దె మీద అంతకంటే ఎక్కువ. సగటున ఎనిమిది నుంచి పది డిగ్రీల వేడి పెరిగితే బ్యాటరీ ఆయుష్షు సగమవుతుందని ఈ రంగంలో అందరూ ఒప్పుకునే లెక్క. ఐదేళ్ల బ్యాటరీ ఏడాది పొడుగునా 35 డిగ్రీల్లో ఉంటే రెండున్నరేళ్లే. మొదటి ప్రశ్నకు సగం జవాబు ఇదే.

వేడిలో రసాయన చర్య వేగంగా జరుగుతుంది. చలికాలంలో సరిగ్గా సరిపోయిన 14.4 వోల్టులు ఎండాకాలంలో ఎక్కువైపోతాయి. నీళ్లు విడిపోయి వాయువులుగా పోతాయి, ప్లస్ ప్లేటు లోపలి సీసం చట్రం తినేసుకుపోతుంది. అందుకే 25 పైన ప్రతి డిగ్రీకి ఒక్కో సెల్లుకు 3 నుంచి 5 మిల్లీవోల్టులు తగ్గించాలి. 4 అనుకుందాం. బ్యాటరీ 40 డిగ్రీలుంటే పదిహేను డిగ్రీలు ఎక్కువ; ఆరు సెల్లులకు కలిపి 0.36 వోల్టు. 14.4ను సుమారు 14.0కి, 13.7 ఫ్లోటును 13.3కి దించాలి. డిసెంబరులో మదనపల్లె వైపు చలికి లెక్క తిరగబడుతుంది, కొంచెం పెంచాలి.

కొన్ని ఇన్వర్టర్లకు బ్యాటరీకి అతికించే చిన్న ఉష్ణోగ్రత వైరు ఉంటుంది. అది ఉన్నవాళ్లకు ఈ లెక్క అవసరం లేదు, కానీ ఆ వైరు బ్యాటరీకే అంటుకుని ఉందో, గోడకు వేలాడుతోందో చూడండి. నేను వెళ్లిన ఇళ్లలో గోడకు వేలాడేవే ఎక్కువ.

వైరు లేనివాళ్లు చేయగలిగిందల్లా చోటు మార్చడం. కొర్లగుంటలో ఒక ఇంట్లో బ్యాటరీ పడమటి గోడకు ఆనుకుని మిద్దె మీద రేకుల గదిలో ఉండేది. వరుసగా రెండు బ్యాటరీలు రెండేళ్లలోపే పోయాయి. మూడోదాన్ని కింద ఉత్తరం వైపు వసారాలోకి మార్చాం. ఇన్వర్టర్ అదే, వాడకం అదే. ఆ బ్యాటరీ నాలుగేళ్లు దాటి ఇంకా నడుస్తోంది. బ్యాటరీకి, గోడకు మధ్య బెత్తెడు ఖాళీ ఉంచండి. పాత చీరలు, దినపత్రికలు దాని మీద పేర్చకండి.

ఇప్పుడు కోతలు బాగా తగ్గాయి. నెలల తరబడి వాడకుండా ఛార్జింగ్‌లోనే ఉంటే పాడవుతుందా?

ఫ్లోట్ వోల్టేజి సరిగ్గా ఉంటే పాడవదు. బ్యాటరీ నిండుగా ఉండటమే దానికి ఆరోగ్యం. అయితే ఫ్లోటులో ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే రెండు చిక్కులు. ఒకటి, కొద్దికొద్దిగా నీళ్లు తగ్గుతాయి, చట్రం అరుగుతుంది. రెండు, చిక్కటి యాసిడ్ అడుగుకు, పలుచనిది పైకి చేరి మజ్జిగ తేరినట్లవుతుంది. అడుగు భాగం ఒకలా, పైభాగం ఒకలా అరుగుతాయి.

నెలకోసారి మెయిన్ ఆపి, ఫ్యాన్లు, లైట్లతో ఒక గంటన్నర నడిపి, తిరిగి ఛార్జింగ్‌కు వదలండి. ఆ చివరి దశలో లేచే బుడగలే యాసిడ్‌ను కలియబెడతాయి. అంతకు మించి, బ్యాటరీ మొత్తం ఖాళీ అయ్యేదాకా నడిపి మళ్లీ నింపమనే సలహా ఎవరైనా ఇస్తే వినకండి. అది పాతరకం సెల్‌ఫోను బ్యాటరీల కాలం నాటి మాట, దీనికి వర్తించదు.

పెద్ద బ్యాకప్ వ్యవస్థల్లో ఇంకో పద్ధతి ఉంది. నిండాక ఛార్జర్‌ను పూర్తిగా తప్పించి, వోల్టేజి ఒక గీత కిందకు జారినప్పుడు మాత్రమే మళ్లీ కలుపుతారు. ఎప్పుడూ ఫ్లోటులో ఉండకపోవడం వల్ల అరుగుదల, నీటి నష్టం తగ్గుతాయి. కొన్ని కొత్త ఇన్వర్టర్లలోనూ ఈ ఏర్పాటు వచ్చింది. అది లేని ఇన్వర్టర్‌కు ప్లగ్గు తీసి పెడుతూ చేతితో చేద్దామని మాత్రం చూడకండి. తీయడం గుర్తుంటుంది, పెట్టడం గుర్తుండదు.

ఏ నీళ్లు పోయాలి, ఎప్పుడు పోయాలి?

డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. బోరు నీళ్లు అసలే వద్దు, మన బోర్లలో ఉప్పు ఎంతో వంటింటి గిన్నెల అంచున తెల్లటి చారలు చూస్తే తెలుస్తుంది. ఫిల్టర్ క్యాన్ నీళ్లు తాగడానికి మంచివే, బ్యాటరీకి కాదు; వాటిలోనూ లవణాలు ఉంటాయి. ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పోస్తామనేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ నీళ్లు దుమ్ము పట్టిన రాగి, అల్యూమినియం గొట్టాల మీదుగా వస్తాయి. నేనైతే పోయను.

నిండుగా ఛార్జి అయ్యాక పోయాలి, ముందు కాదు. ఛార్జింగ్‌లో మట్టం పైకి లేస్తుంది కాబట్టి ముందే నింపితే యాసిడ్ పొంగి టెర్మినళ్ల మీద, నేల మీద పడుతుంది. ప్లేట్లు బయటికి తేలి కనిపిస్తుంటే మాత్రం అవి మునిగేదాకా కొద్దిగా పోసి, ఛార్జి చేసి, ఆ తర్వాత గీత దాకా నింపండి. చలికాలంలో మూడు నెలలకోసారి చూసేవాళ్లు మార్చి నుంచి జూన్ దాకా నెలకోసారి చూడాలి. ఒక్క సెల్లు మాత్రమే మిగతా వాటికంటే ఎక్కువ తాగుతుంటే ఆ సెల్లులో తేడా ఉన్నట్లు.

గ్రావిటీ తగ్గింది, యాసిడ్ పోస్తే సరిపోతుందని ఒకరు చెప్పారు.

పోయకండి. యాసిడ్ ఎక్కడికీ పోలేదు, సల్ఫేట్‌గా ప్లేట్ల మీదే ఉంది. ఛార్జింగ్‌తో వెనక్కి రావాలి. బయటి యాసిడ్ పోస్తే అంకె పెరుగుతుంది, బ్యాటరీ చస్తుంది.

ఈక్వలైజింగ్ ఛార్జింగ్ అంటే ఏమిటి? ఇంట్లో చేసుకోవచ్చా?

ఆరు సెల్లుల్లో ఒకటి రెండు వెనకబడతాయి. నాలుగింటిలో 1.240 ఉంటే ఒకదానిలో 1.205 ఉంటుంది. అప్పుడు బ్యాటరీని కావాలనే కొంచెం ఎక్కువ వోల్టేజితో, 15 నుంచి 15.6 వోల్టుల దగ్గర, తక్కువ కరెంటుతో కొన్ని గంటలు ఉంచితే వెనకబడ్డవి అందుకుంటాయి. ఆరింటిలోనూ గ్రావిటీ పెరగడం ఆగిపోయాక ఆపేయాలి. చేత్తో తాకితే బ్యాటరీ బాగా వేడెక్కినట్లుంటే అంతకు ముందే ఆపాలి.

ఇన్వర్టర్‌లోనే ఆ సదుపాయం ఉంటే ఆరు నెలలకోసారి వాడుకోండి. లేకపోతే ఇన్వర్టర్ నుంచి విడదీసి దుకాణంలో చేయించండి, ఎందుకంటే ఆ వోల్టేజి ఇన్వర్టర్‌కు పడకపోవచ్చు. మే నెలలో మధ్యాహ్నం పూట చేయకండి. ఎస్‌ఎంఎఫ్‌కు దీన్ని ఎప్పుడూ చేయకూడదు.

మా లాడ్జిలో పది బ్యాటరీలు వరుసగా ఉన్నాయి. ఒకటి పోతే దాన్ని మాత్రమే మార్చవచ్చా?

ముసలి ఎద్దును, కోడెను ఒకే కాడికి కట్టినట్లవుతుంది. వరుసలో అన్నింటికీ ఒకే కరెంటు వెళుతుంది. కొత్తది ముందే నిండి అదనపు ఛార్జింగ్ తింటుంది, పాతవి నిండకుండా మిగులుతాయి. ఏడాది లోపు అయితే ఒక్కటి మార్చినా నడుస్తుంది. మూడేళ్లు దాటిన వరుసలో కొత్తదాన్ని పెట్టడం దండగ. పాతవాటిలో బాగున్న నాలుగింటిని ఏరి చిన్న ఇన్వర్టర్‌కు వాడుకుని, వరుసకు మొత్తం కొత్తవి వేయడం మేలు.

నెలకోసారి ఒక్కో బ్యాటరీ వోల్టేజి విడివిడిగా కొలిచి రాయించండి. ఫ్లోటులో ఉన్నప్పుడు ఒకటి 13.6, పక్కది 13.0 చూపిస్తుంటే ఆ రెంటికీ ఛార్జింగ్ సమానంగా అందట్లేదు. బ్రహ్మోత్సవాల్లో గదులన్నీ నిండి, లిఫ్టు ఆగాక ఈ విషయం తెలుసుకోవడం ఎవరికీ మంచిది కాదు. ఇంట్లో రెండు బ్యాటరీలు పక్కపక్కన సమాంతరంగా కలిపినవాళ్లు ప్లస్ వైరును మొదటిదాని నుంచి, మైనస్ వైరును రెండోదాని నుంచి తీసుకోండి. రెండింటికీ సమానంగా పంచుకునే వీలుంటుంది.

ఎస్‌ఎంఎఫ్ బ్యాటరీకి ఇవన్నీ వర్తిస్తాయా?

వేడి గురించి చెప్పింది రెండింతలు వర్తిస్తుంది. దానిలో పోయిన నీళ్లను తిరిగి పోయలేం. ఛార్జింగ్ వోల్టేజి కంపెనీ అచ్చువేసిన హద్దు దాటకూడదు.

పలమనేరు వైపు పల్లెలో ఉంటాం. లో వోల్టేజి వల్ల ఛార్జింగ్ ఎక్కదు. ఏం చేయాలి?

ముందు ఇన్వర్టర్ ఏ మోడ్‌లో ఉందో చూడండి. యూపీఎస్ మోడ్‌లో 180 వోల్టుల కంటే తగ్గితే చాలావాటికి కరెంటు పోయినట్లే లెక్క. ఛార్జింగ్ ఆపి, పైగా బ్యాటరీనే వాడటం మొదలుపెడతాయి. కరెంటు ఉండగానే బ్యాటరీ ఖాళీ అవుతుంది! కంప్యూటర్ లేని ఇంట్లో మామూలు మోడ్ చాలు, అది ఇంకా తక్కువ వోల్టేజిలోనూ ఛార్జి చేస్తుంది. సాయంత్రం మోటర్లు, టీవీలు ఆగాక రాత్రి పదకొండు తర్వాత వోల్టేజి మెరుగుపడుతుంది; ఆ పూట లోడు తగ్గించి ఛార్జింగ్‌కు వదలండి.

పాల సేకరణ కేంద్రాల వంటి చోట్ల చిన్న సోలార్ పలకను ఛార్జ్ కంట్రోలర్ ద్వారా కలపడం మంచి ఉపాయం. కరెంటు మిగిల్చిన చివరి ఇరవై శాతాన్ని మధ్యాహ్నపు ఎండ నిదానంగా నింపుతుంది. నవంబరు ముసురు రోజుల్లో మాత్రం దాన్నే నమ్ముకోకండి.

ఎంతవరకు వాడి ఆపాలి?

సగం. రెండు ఫ్యాన్లు, నాలుగు ఎల్‌ఈడీ లైట్లు కలిపి 190 వాట్లు అనుకుంటే, ఇన్వర్టర్ నష్టాలతో బ్యాటరీ నుంచి 19 ఆంపియర్లు లాగుతుంది. 150 ఏహెచ్ బ్యాటరీ మూడున్నర నుంచి నాలుగు గంటల్లో సగానికి వస్తుంది. ఇన్వర్టర్ తనంతట తాను 10.5 వోల్టుల దగ్గర ఆగేదాకా వాడటం ఎప్పుడో తుపాను రాత్రికి సరే, రోజూ కాదు. అలా ఖాళీ అయిన రోజు, కరెంటు రాగానే ఛార్జింగ్ మొదలైందో లేదో చూసి పడుకోండి.

వేసవి సెలవులకు నెల రోజులు ఊరెళ్తున్నాం.

నిండుగా ఛార్జి చేసి, నీళ్లు చూసి, మెయిన్ ఆపి, ఇన్వర్టర్ ముందు బటన్ కూడా ఆపి, మైనస్ టెర్మినల్ విప్పండి. మెయిన్ మాత్రమే ఆపి వెళ్లినవాళ్ల బ్యాటరీని ఇన్వర్టర్ లోపలి బోర్డు కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటుంది. ఎండాకాలంలో రెండు నెలలు దాటితే ఎవరిచేతనైనా ఒకసారి ఛార్జి చేయించండి.

కుళ్లిన గుడ్డు వాసన వస్తోంది.

వెంటనే ఛార్జింగ్ ఆపి కిటికీలు తెరవండి. విపరీతంగా ఛార్జింగ్ ఎక్కుతోంది లేదా ఒక సెల్లు లోపల షార్టయింది. ఈ వాసన లేకపోయినా, మామూలు ఛార్జింగ్‌లోనూ హైడ్రోజన్ వస్తుంది. గాలిలో నాలుగు శాతం చేరితే నిప్పురవ్వకు అంటుకుంటుంది. అందుకే మూసిన అలమరలో, దీపం వెలిగే పూజగదిలో, గ్యాసు పొయ్యి పక్కన బ్యాటరీ పెట్టకూడదు. మూత తీసి లోపల నీళ్లున్నాయో లేదో అగ్గిపుల్ల వెలిగించి చూసినవాళ్లను నేను చూశాను. టార్చి వాడండి, కళ్లద్దాలు పెట్టుకోండి.

సల్ఫేట్‌ను కరిగించే యంత్రాలు, పొడులు పనిచేస్తాయా?

కొత్తగా పట్టిన సల్ఫేట్‌ను నిదానమైన పొడవాటి ఛార్జింగే కరిగిస్తుంది, యంత్రం అక్కర్లేదు. గట్టిపడినదాన్ని ఆ యంత్రాలు కరిగించి, బ్యాటరీని ఆర్నెల్లకు మించి నడిపించడం నేను చూడలేదు. పొడుల జోలికి అసలు పోవద్దు.

సిమెంటు నేల మీద పెడితే ఛార్జి దిగిపోతుందట కదా?

డబ్బాలు చెక్కతో, రబ్బరుతో చేసిన రోజుల మాట. ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాకు ఆ భయం లేదు. చెక్క పలక వేస్తే తుడవడం సులువు, అంతే.

పాత బ్యాటరీని ఏం చేయాలి?

కొత్తది కొనే దుకాణంలోనే ఇచ్చి ధర తగ్గించుకోండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను సేకరించే బాధ్యత తయారీదారులది. యాసిడ్‌ను కాలువలో పారబోసి డబ్బా మాత్రమే తెమ్మనే పాత ఇనుము వ్యాపారికి ఇవ్వకండి. ఆ సీసం చివరికి చేరేది నీళ్లలోకే.

ఇవన్నీ చూసుకోవడానికి ఏమేం కొనాలి?

హైడ్రోమీటర్, మామూలు మల్టీమీటర్, ఐదు లీటర్ల డిస్టిల్డ్ వాటర్ క్యాను, టెర్మినళ్లకు పూయడానికి వ్యాజిలిన్. తెల్లటి, పచ్చటి పొడి పట్టి ఉంటే వైర్లు విప్పి, వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆరాక బిగించి ఆ పైన పూయండి. ఆ నీళ్లు సెల్లుల్లోకి జారకుండా మూతలు గట్టిగా ఉండాలి. గోడకున్న క్యాలెండర్‌లో అమావాస్య గడి పక్కన ఆ నెల ఆరు సెల్లుల గ్రావిటీ రాసి పెట్టండి. సర్వీసుకు పిలిచినప్పుడు నేను మొదట చూసేది ఆ క్యాలెండర్‌నే, మూత తీయడం తర్వాత.